ఫీజు పోయిందా? ఇల్లు మిగిలింది!
మందపు తీగ చుడితే ముప్పే : ఎండిన నేలలో ఎర్తుకు నీళ్ళే ఆధారం

విడపనకల్లు : ఇంట్లో దీపం ఆరిపోగానే "ఫీజు పోయింది" అని విసుక్కోవడం, చేతికందిన తీగముక్కను పింగాణీ గిట్టకు చుట్టి తిరిగి బిగించడం పల్లెల్లో పరిపాటి అయింది. దీపం వెలుగుతుంది, పని గడుస్తుంది. అయితే ఆ క్షణం నుంచి ఆ ఇంటికి కాపలా లేకుండా పోయిందన్న సంగతి మాత్రం చాలామందికి పట్టడం లేదు. ఫీజు పోవడం చెడు కాదు. ఎక్కడో ఏదో తప్పు జరిగితే తాను కరిగి ఇంటిని నిలబెట్టడమే దాని పని. పోవలసినపుడు పోని ఫీజుతోనే ప్రమాదమంతా.

వానలు సరిగా పడని అనంతపురం మెట్టసీమలో దీనికి తోడు మరో చిక్కు ఉంది. నేలలో తేమ లేకపోతే ఇంటి ఎర్తు సరిగా పనిచేయదు. ఎర్తు పనిచేయనిదే మంచి ఫీజు కూడా కొన్ని వేళల్లో పోదు. ఒకపక్క మందపు తీగ, మరోపక్క ఎండిన ఎర్తు గుంత కలిసిన ఇంట్లో ఫ్రిజ్ తలుపు పట్టుకున్నా, దండెం మీద బట్ట ఆరవేసినా ప్రాణం మీదికి రావచ్చు.

స్తంభం నుంచి గోడ వరకు

వీధి స్తంభం నుంచి ఇంటికి వచ్చేది సాధారణంగా రెండు పోగుల అల్యూమినియం సర్వీసు వైరు. దాని బరువు మోయడానికి పక్కనే ఒక జి.ఐ. తీగ కడతారు. ఇంటి గోడ చేరాక ఆ వైరు మొదట తగిలేది పింగాణీ కటౌటుకు. అందులో ఫేజు తీగకు ఫీజు ఉంటుంది. అక్కడి నుంచి మీటరుకు, మీటరు నుంచి మెయిన్ స్విచ్‌కు, ఆ తరువాత గదులకు కరెంటు వెళుతుంది. పల్లె ఇళ్ళలో ఈ సరంజామా అంతా పడసాల గోడకు కొట్టిన ఒక చెక్క బోర్డు మీదనే కానవస్తుంది.

ఈ బోర్డు మీదనే ఒక సరిహద్దు ఉంది. సర్వీసు వైరు, కటౌటు, మీటరు వరకు సురక్షితంగా ఉంచే బాధ్యత సరఫరా సంస్థది. మీటరు దాటిన మెయిన్ స్విచ్, ఇంటి వైరింగు, ఇంటి ఎర్తు వినియోగదారు చూసుకోవలసినవి. ప్రతి సర్వీసుకు ఫేజు తీగలో తగిన కటౌటు ఉండాలనీ, అది మంటలంటని డబ్బాలో, చేతికందే చోట ఉండాలనీ 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలే చెప్పాయి. ఆ నిబంధనల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో, తిరిగి 2023లో కొత్త భద్రతా నిబంధనలు తెచ్చింది. సరఫరా చేసే సంస్థ పేరు కూడా మారుతూ వచ్చింది. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999లో విడిపోయింది. 2000లో పంపిణీ కంపెనీలు వచ్చాయి. 2014లో రాష్ట్ర విభజన జరిగినపుడు అనంతపురం జిల్లా తిరుపతి కేంద్రంగా గల దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థలో చేరింది. ఇన్ని మార్పులు జరిగినా గోడ మీది కటౌటు పని మాత్రం మారలేదు.

ఒక్క బల్బు నాటి ఏర్పాటు

బుడ్డి దీపాల ఇళ్ళకు కరెంటు వచ్చింది విడతలు విడతలుగా. పేదల గుడిసెలకు ఒక్క దీపం ఇచ్చే కుటీర జ్యోతి పథకం 1988-89లో మొదలయింది. 2005లో రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజన, 2017లో సౌభాగ్య పథకం వచ్చాయి. కనెక్షన్ ఇచ్చిన నాడు లెక్క వేసుకున్నది ఒకటి రెండు బల్బులు, మహా అయితే ఒక ఫ్యాను. 60 వాట్ల బల్బు 230 వోల్టుల వద్ద తీసుకునేది పావు ఆంపియరు మాత్రమే.

నేడు అదే ఇంట్లో మిక్సీ, ఫ్రిజ్, టి.వి., ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే హీటరు, సంపు నుంచి ట్యాంకుకు నీరెత్తే చిన్న మోటారు చేరాయి. ప్రతి 1000 వాట్లకు సుమారు 4.3 ఆంపియర్లు కావాలి. ఒకటిన్నర వేల వాట్ల హీటరు ఒక్కటే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. మోటారు, ఫ్రిజ్ వంటివి ఆన్ అయిన క్షణంలో మామూలుకు కొన్ని రెట్లు ఎక్కువ తీసుకుంటాయి. తెల్లవారుజామున హీటరు, మోటారు, మిక్సీ ఒకేసారి నడిస్తే పాత ఫీజు తట్టుకోలేక పోతుంది. ఇంటికి చేరిన సామాను పెరిగింది గాని, గోడలోకి వచ్చే సర్వీసు వైరు, కటౌటు, లోపలి వైరింగు చాలాచోట్ల ఆ ఒక్క బల్బు నాటివే. లోడు పెంచమని దరఖాస్తు పెట్టుకుని వైరు మార్పించుకోవడం దీనికి విరుగుడు. జరుగుతున్నది మాత్రం ఫీజు తీగను లావు చేయడం.

మిల్లీమీటరులో వంతుల లెక్క

ఫీజు తీగ వెనుక పెద్ద లెక్కే ఉంది. అమెరికాలో థామస్ ఎడిసన్ 1880లోనే దీపాల తీగలకు రక్షణగా కరిగిపోయే లోహపు ముక్కకు పేటెంటు పొందాడు. ఎంత మందం తీగ ఎంత కరెంటుకు కరుగుతుందన్న సూత్రాన్ని ఆ దశాబ్దంలోనే బ్రిటిషు తంతి శాఖ ఇంజనీరు విలియం ప్రీస్ చెప్పాడు. తీగ మందం కాస్త పెరిగినా అది మోసే కరెంటు చాలా పెరుగుతుందన్నది దాని సారాంశం.

తగరపు పూత గల రాగి ఫీజు తీగలో 5 ఆంపియర్లకు 0.2 మిల్లీమీటర్లు, 15 ఆంపియర్లకు 0.5 మిల్లీమీటర్లు, 30 ఆంపియర్లకు 0.85 మిల్లీమీటర్ల మందం వాడతారు. గాలికి రాగి చిలుము పట్టకుండా ఉండడానికే ఆ పూత. చుట్టుకునే ఫీజు చెప్పిన రేటింగుకు వెంటనే కరగదు. సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ప్రవహిస్తేనే పోతుంది. కనుక సరైన తీగతోనే కొంత సడలింపు ఉంది.

ఇక అందుబాటులో ఉందికదా అని ఒక మిల్లీమీటరు రాగి తీగ చుడితే, ప్రీస్ లెక్క ప్రకారం అది కరగడానికి సుమారు 80 ఆంపియర్లు కావాలి. ఇంటి దీపాల వైరు సాధారణంగా ఒక చదరపు మిల్లీమీటరు రాగి. దాని మందం కూడా ఇంచుమించు అంతే. ఫీజు, ఇంటి వైరు ఒకే లావుగా ఉంటే ఏది ముందు కాలుతుందో ఎవరూ చెప్పలేరు. రాగి కరగాలంటే 1085 డిగ్రీల వేడి కావాలి. వైరు పైని పి.వి.సి. తొడుగు తట్టుకునేది మామూలుగా 70 డిగ్రీలు. రాగి కరిగే లోపే తొడుగు కాలి, దానికి ఆనుకున్న చెక్క దూలం, గడ్డి కప్పు, పక్కనే పెట్టిన పత్తి బోరెం అంటుకోవచ్చు. పత్తి, మిరప, పప్పుశనగ పండే ఈ మండలంలో పంట ఇంటికి చేరిన కాలంలో ఈ ముప్పు మరీ ఎక్కువ.

సర్వీసు వైరులోని అల్యూమినియం పోగు చుట్టడం, కంచెకు కట్టే ఇనుపతీగ పెట్టడం, రెండు మూడు పోగులు మెలివేసి బిగించడం కూడా ఇటువంటివే. పోగులు రెండయితే కరెంటు ఇంచుమించు రెండింతలవుతుంది.

తప్పు జనానిదేనా?

మందపు తీగ చుట్టేవారిని తెలివితక్కువవారని కొట్టిపారేయడం తగదు. రాత్రి పది గంటలకు ఫీజు పోతుంది. ఇంట్లో పసిబిడ్డ, పరీక్షలకు చదివే పిల్లలు ఉంటారు. లైన్‌మన్ ఒకరే నాలుగైదు ఊళ్ళు చూసుకోవలసిన చోట అతను ఏ ఊళ్ళో ఉంటాడో తెలియదు. విద్యుత్ నియంత్రణ మండలి 2004లో నిర్దేశించిన సేవా ప్రమాణాల్లో ఫీజు పోయిన ఫిర్యాదును పట్టణాల్లో 4 పనిగంటల్లో, పల్లెల్లో 12 పనిగంటల్లో సరిచేయాలని ఉంది. చట్టం దృష్టిలోనే పల్లె చీకటికి మూడింతల ఓపిక ఉండాలన్నమాట. ఆ ఓపిక లేక బల్ల ఎక్కి తీగ చుట్టేవాడిని తప్పుపట్టే ముందు, ప్రతి ఊళ్ళో సరైన ఫీజు తీగ కిరాణా కొట్లోనైనా దొరుకుతున్నదా అని చూడాలి. కొలత తెలియని తీగచుట్ట నుంచి తుంచి ఇచ్చే కొట్టుకు, కంచె తీగకు తేడా లేదు.

ఎండిన నేల చేసే మోసం

ఫీజు రెండు సందర్భాల్లో పోవాలి. లోడు మించినపుడు, ఫేజు తీగ న్యూట్రల్‌కు తగిలి షార్టయినపుడు అది పోతుంది. ఫేజు తీగ ఫ్రిజ్ లేదా మోటారు ఇనుప తొడుగుకు తగిలినపుడు కూడా పోవాలి. కాని ఆ రెండవ సందర్భంలో కరెంటు ఎర్తు తీగ గుండా భూమిలోకి దిగాలి. భూమి దాన్ని ఎంత తేలికగా తీసుకుంటే ఫీజు అంత త్వరగా పోతుంది. ఈ సీమలో తిరకాసు అక్కడే.

లెక్క చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. ఎర్తు గుంత నిరోధం 5 ఓములైతే 230 వోల్టుల వద్ద 46 ఆంపియర్లు పారి 15 ఆంపియర్ల ఫీజు ఎగిరిపోతుంది. అదే నిరోధం 50 ఓములకు పెరిగితే పారేది 4.6 ఆంపియర్లే. ఫీజుకు అది మామూలు లోడులాగే కనిపిస్తుంది. ఫీజు పోదు, దీపాలు వెలుగుతూనే ఉంటాయి, మోటారు తొడుగు మీద మాత్రం ప్రాణాంతకమైన కరెంటు నిలబడి ఉంటుంది. తడి చేతితో ముట్టుకున్న మనిషి శరీరమే అప్పుడు భూమికి దారి అవుతుంది.

నేలలో తేమ ఇరవై శాతం పైన ఉన్నంతవరకు నిరోధంలో పెద్ద తేడా ఉండదు. అంతకు తగ్గితే ఒక్కసారిగా పెరుగుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో మాత్రమే వాన పడే జిల్లా ఇది. ఎర్ర గరుసు నేలలో నీరు నిలవదు. విడపనకల్లు వైపు కనిపించే నల్లరేగడి తేమను కొంత కాలం పట్టి ఉంచినా, వేసవిలో నెర్రెలు విచ్చి పైపును వదిలి పక్కకు జరుగుతుంది. పైపుకూ మట్టికీ నడుమ సందు ఏర్పడితే ఎర్తు ఉండీ లేనట్టే.

భారత ప్రమాణాల ప్రకారం ఎర్తుకు వేసే పైపు కనీసం రెండున్నర మీటర్ల పొడవుండాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు వేయాలి. మీదుగా నీళ్ళు పోయడానికి గరాటు లాంటి మూతి ఉంచాలి. పల్లె ఇళ్ళలో కొన్నిచోట్ల మూరెడు ఇనుప కమ్మిని గోడ పక్కన కొట్టి, దానికి తీగ చుట్టి ఎర్తు అనిపించుకోవడం కద్దు. ఆ కమ్మి వానాకాలంలోనే అంతంతమాత్రం, వేసవిలో అలంకారప్రాయం.

తాగేందుకే నీళ్ళకు కటకటలాడే ఊళ్ళో ఎర్తు గుంతకు నీళ్ళు పోయమనడం ఎకసెక్కంగా తోచవచ్చు. అందుకు మంచినీళ్ళే అక్కర్లేదు. అంట్లు తోమిన నీళ్ళు, బట్టలు ఉతికిన నీళ్ళు వారానికి ఒకటి రెండు బిందెలు గుంత మూతిలో పోసినా తేమ నిలుస్తుంది. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు జలదారి నీళ్ళు వెళ్ళే పక్కనే ఎర్తు గుంత తవ్విస్తే ఎండాకాలంలో వేరే శ్రమ ఉండదు.

న్యూట్రల్‌లో ఫీజు వద్దు

పాత బోర్డుల్లో ఫేజుకు ఒకటి, న్యూట్రల్‌కు ఒకటి చొప్పున రెండు ఫీజులు కానవస్తాయి. న్యూట్రల్ తీగలో విడిగా ఫీజు గాని, విడి స్విచ్ గాని ఉండరాదని 1956 నిబంధనలే నిషేధించాయి. కారణం సులభంగానే అర్థమవుతుంది. న్యూట్రల్ ఫీజు ఒక్కటే పోతే దీపాలన్నీ ఆరిపోతాయి, ఇంట్లో కరెంటు లేదనిపిస్తుంది. ఫేజు తీగ మాత్రం ప్రతి హోల్డరు వరకు సజీవంగానే ఉంటుంది. కరెంటు లేదుకదా అని హోల్డరులో వేలుపెట్టినవారికి అప్పుడు తెలుస్తుంది. ఇటువంటి బోర్డులున్నచోట న్యూట్రల్ ఫీజు స్థానంలో రాగి లింకు వేయించుకోవడం వైర్‌మన్‌కు కొద్ది నిమిషాల పని.

సర్వీసు వైరుకు కట్టిన జి.ఐ. తీగను, దానికి దగ్గరలోని తీగలను దండెంగా వాడడం మరో పొరబాటు. వైరు తొడుగు గాలికి రాసుకుని చితికితే ఆ తీగకు కరెంటు దిగుతుంది. తడి బట్ట తగిలించిన ఇల్లాలే మొదట బలవుతుంది. రేకుల కొట్టాల మీదుగా వైరు ఒరుసుకుంటూ పోయినా ఇదే ప్రమాదం, కొట్టమంతా షాకు కొడుతుంది. మట్టి మిద్దెల్లో గోడ రంధ్రం గుండా వచ్చే వైరు చుట్టూ వాననీరు కారి కటౌటులోకి దిగడం కూడా కద్దు. రంధ్రం బయటి వైపు వైరును కిందికి వంపుతిప్పి పెడితే నీటిచుక్క అక్కడే రాలిపోతుంది.

పొలంలోనూ ఇదే పాఠం

బోర్ల కింద ట్రాన్స్‌ఫార్మర్ల వద్ద ఫీజు పోయినపుడు రైతులే ఏ.బి. స్విచ్ లాగి తీగ చుట్టడం అందరికీ తెలిసిందే. స్విచ్ లాగినా ఒక కత్తి సరిగా విడిపోకపోతే, పక్క లైను నుంచి వెనక్కి సరఫరా వస్తే అక్కడికక్కడే ప్రాణం పోతుంది. అది లైన్‌మన్ పనే తప్ప రైతు పని కాదు.

ఇంటి ఫీజు చేసే పనినే పెద్ద లైన్లకు సబ్‌స్టేషన్లలోని బ్రేకర్లు చేస్తాయి. తీగ తెగిన మరుక్షణం సరఫరా ఆగాలి. ఎండిన నేల మీద పడిన తీగ నుంచి భూమిలోకి దిగే కరెంటు తక్కువయితే బ్రేకరుకు దాన్ని పసిగట్టడం కష్టమవుతుంది. 2022 జూన్ 30న శ్రీ సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి వద్ద ఆటోపై తీగ తెగిపడి ఐదుగురు మహిళా కూలీలు మరణించారు. అదే ఏడాది నవంబరు 2న ఈ జిల్లాలోని బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు వద్ద ట్రాక్టరుపై తీగలు తెగిపడి నలుగురు మహిళా కూలీలు కన్నుమూశారు. తెగిన తీగలో కరెంటు క్షణకాలం నిలిచినా ఎంత ఘోరం జరుగుతుందో చెప్పడానికి ఈ రెండు ఘటనలు చాలు.

కొత్త పరికరాలు, పాత జాగ్రత్తలు

మెయిన్ స్విచ్ తరువాత చుట్టుకునే ఫీజుకు బదులు ఎం.సి.బి. పెట్టుకుంటే మందపు తీగ బెడద ఉండదు. లోడు మించితే అదే పడిపోతుంది, కారణం చూసి మళ్ళీ ఎత్తవచ్చు. అయితే ఎర్తు చెడిన ఇంట్లో ఎం.సి.బి. కూడా ఫీజులాగే మోసపోతుంది. దానికి విరుగుడు లీకేజీని కనిపెట్టే బ్రేకరు. వెళ్ళిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, సెకనులో చిన్న వంతులో సరఫరా ఆపివేస్తుంది. ఎండు నేలల ఇళ్ళకు ఇంతకంటె మేలైన రక్షణ లేదు. అయితే దాని మీద ఉండే పరీక్ష బొత్తాన్ని నెలకొకసారి నొక్కి చూడాలి. నొక్కినా పడకపోతే మార్పించాలి.

ఇంటింటా పాటించవలసిన జాగ్రత్తలు ఇవి. ఫీజు పోతే మొదట మెయిన్ స్విచ్ ఆపాలి. చివరగా ఆన్ చేసిన సామాను ప్లగ్గు తీసివేయాలి. పొడి కాళ్ళతో, చెప్పులు వేసుకుని, మెయిన్ స్విచ్ తరువాతి ఫీజును మాత్రమే కొలత గల తీగతో వేసుకోవాలి. వేసిన వెంటనే మళ్ళీ పోతే మూడవసారి వేయరాదు, వైర్‌మన్‌ను పిలవాలి. మీటరుకు ముందున్న సీలు వేసిన కటౌటును ఎవరూ ముట్టరాదు. దానికి 1912 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. కటౌటు పింగాణీ పగిలినా, వైరు చివర నల్లబడినా, చిటపట చప్పుడు వినిపించినా అది బిగువు తప్పిన కనెక్షన్ అని గ్రహించాలి. అల్యూమినియం తీగను రాగి తీగకు నేరుగా మెలివేసిన చోట ఇది తరచు జరుగుతుంది.

పెద్ద ఖర్చు లేని పనులు ఇంకా కొన్ని ఉన్నాయి. లైన్‌మన్ మీటరు రీడింగుకు వచ్చినపుడు కటౌటు వంక కూడా ఒకసారి చూడవచ్చు. ఎండలు ముదరకముందే బడులు, అంగన్‌వాడీలు, పంచాయతీ కార్యాలయాల ఎర్తు గుంతలను కొలిచి నీళ్ళు పోయించవచ్చు. ప్రతి ఊళ్ళో ఒక కిరాణా కొట్టుకైనా 5, 15 ఆంపియర్ల ఫీజు తీగ చుట్టలు చేరేలా పంచాయతీ చూడవచ్చు. వీటికి జీవోలు, నిధులు అక్కర్లేదు. ఈ వేసవికి ముందే విద్యుత్ సిబ్బంది, సర్పంచులు ఒక రోజు కేటాయించి ఊరూరా ఈ తనిఖీ జరిపించాలని వినియోగదారులు కోరుతున్నారు.